చిలుకను పెంచుకోవాలనుకుంటున్నారా? కొనే ముందు ఈ తేడా తెలుసుకోండి

పిల్లలు అడిగారని చిలుకను కొందామనుకుంటున్నారా? దుకాణానికి వెళ్లే ముందే ఒక విషయం తేల్చుకోవాలి. మీరు తేబోయేది ఏ చిలుక? పచ్చటి ఒళ్లు, ఎర్రటి ముక్కుతో మన జామచెట్ల మీద వాలే రామచిలుక అయితే, కొనడమే కాదు, ఇంట్లో ఉంచుకోవడమూ నేరమే. ఆస్ట్రేలియా మూలాలున్న చిన్న బడ్జీ అయితే అటవీ శాఖ అనుమతి ఏదీ అక్కర్లేదు. ఈ రెండూ కాకుండా మూడో రకం ఒకటుంది. దాన్ని కొనొచ్చు, కానీ 30 రోజుల్లోగా ప్రభుత్వానికి చెప్పాలి. కొనేవాళ్లలో చాలామందికి తెలియనిది ఈ మూడోదే.

రామచిలుక ఎందుకు కుదరదు?

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రామచిలుక రక్షిత జాతి. మన దేశపు అడవి పక్షుల వ్యాపారంపై 1990-91 నుంచే నిషేధం ఉంది. చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఇప్పుడు రామచిలుక రెండో షెడ్యూల్‌లో ఉంది. నేరం రుజువైతే మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. సవరణకు ముందు ఈ జరిమానా పరిమితి 25 వేలే.

‘మా ఇంట్లో తాతల కాలం నుంచీ ఉన్నాయి’, ‘ఇది అడవిలో పట్టింది కాదు, చేతిలో పెరిగింది’ అనే మాటలు చట్టం ముందు నిలవవు. చిలక జోస్యం చెప్పేవారి దగ్గరున్న పక్షికీ ఇదే చట్టం వర్తిస్తుంది. బజారులో కనిపించే రామచిలుక పిల్లలు చెట్టు తొర్రల్లోని గూళ్ల నుంచి తీసినవే. చలికాలం చివరి నుంచి వేసవి దాకా ఈ పని సాగుతుంది. ఇంకా ఈకలు కూడా రాని పిల్లలను బుట్టల్లో కుక్కి తరలిస్తారు. అన్నీ బతకవు. మీ ఇంటికి చేరింది బతికి బయటపడిన వాటిలో ఒకటి.

మరి ఇప్పటికే ఇంట్లో ఉంటే? పంజరం తలుపు తీసి వదిలేయకండి. మనుషుల చేతిలో పెరిగిన చిలుకకు తిండి వెతుక్కోవడం తెలియదు, రెక్కల ఈకలు కత్తిరించి ఉంటే ఎగరనూ లేదు. కాకులకో పిల్లికో చిక్కుతుంది. మీ జిల్లా అటవీ శాఖ అధికారులకు ఫోన్ చేసి, వారు చెప్పిన చోట అప్పగించడం సరైన దారి. అయితే భయం వల్ల చాలామంది ఆ ఫోన్ చేయరు. 2020లో కేంద్రం ఇచ్చిన స్వచ్ఛంద వెల్లడి అవకాశం విదేశీ జాతుల యజమానులకే పరిమితమైంది. లక్షలు పెట్టి మకాను కొన్నవారికి దొరికిన వెసులుబాటు, తెలియక రామచిలుకను పెంచుకున్న కుటుంబానికి దొరకలేదు. ఫలానా తేదీలోగా తెచ్చి అప్పగిస్తే కేసు ఉండదని ప్రకటిస్తే, ఈ పక్షుల్లో చాలావరకు బయటికొస్తాయి.

‘లవ్‌బర్డ్స్’ అనే పేరుతో తికమక

మన ఊళ్లలో దుకాణదారులు బడ్జీలను ‘లవ్‌బర్డ్స్’ అనే అమ్ముతారు. అసలైన లవ్‌బర్డ్స్ వేరు. అవి ఆఫ్రికావి, పొట్టి తోకతో, లావుపాటి ముక్కుతో ఉంటాయి. ఈ తేడా పేరుతోనే ఆగదు.

అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం పేరు సైటిస్. దాని జాబితాల్లో ఉన్న జీవులనే మన చట్టం నాలుగో షెడ్యూల్‌లో చేర్చింది. చిలుక జాతులన్నీ ఆ జాబితాల్లో ఉన్నాయి, నాలుగు తప్ప. అవి బడ్జీ, కాక్‌టీల్, పీచ్‌ఫేస్‌డ్ లవ్‌బర్డ్, రామచిలుక. (రామచిలుకకు మినహాయింపు ఆ ఒప్పందంలోనే. మన చట్టం దాన్ని విడిగా కాపాడుతోంది కాబట్టి ఆ పేరు చూసి పొరబడకండి.) అంటే బడ్జీకి నమోదు అక్కర్లేదు. ఫిషర్స్ లవ్‌బర్డ్‌కు కావాలి. సన్ కన్యూర్, ఆఫ్రికన్ గ్రే, మకాలకూ కావాలి.

ఈ నమోదుకు సంబంధించిన నిబంధనలను కేంద్రం 2024 ఫిబ్రవరి 28న నోటిఫై చేసింది. అప్పటికే పక్షులున్నవారికి ఆరు నెలల గడువిచ్చింది. అది ముగిసిపోయింది. ఇప్పుడు కొత్తగా తెచ్చుకుంటే, చేతికొచ్చిన రోజు నుంచి 30 రోజుల్లోగా పరివేష్ 2.0 పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. అది మీ రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు చేరుతుంది. పక్షి పిల్లలు పెట్టినా, ఇంకొకరికి ఇచ్చినా, చనిపోయినా తెలియజేయాలి.

ఏ పక్షిని కొన్నా బిల్లు అడగండి. పెంపుడు జంతువుల దుకాణాల నిబంధనలు, 2018 ప్రకారం దుకాణానికి రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి. చూపించమంటే విసుక్కునే చోట కొనకపోవడమే మేలు.

ఇంటికి తెచ్చాక

మా సలహా అడిగితే, మొదటిసారి పెంచేవారికి బడ్జీ చాలు. లేత పిల్లను ఎంచుకోండి. దాని నుదుటి మీది చారలు ముక్కు దాకా ఉంటాయి. మూడు నాలుగు నెలలు దాటితే ముందువైపు చారలు పోతాయి. ఒక్కదాన్నే తెస్తే అది మీకే అలవాటవుతుంది, కానీ రోజూ గంటల తరబడి మీరు దగ్గరుండాలి. ఇంట్లో అందరూ ఉద్యోగాలకు వెళ్లేవారైతే జంటను తెచ్చుకోండి. మచ్చిక కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

పంజరం ఎత్తుకన్నా వెడల్పు ముఖ్యం, ఎందుకంటే పక్షి అడ్డంగా ఎగురుతుంది. కదలడానికి చాలని పంజరంలో ఉంచడం జంతు హింస నిరోధక చట్టం, 1960 కింద నేరం కూడా. పంజరాన్ని ఒక వైపు గోడ ఉండేలా, వంటింటికి దూరంగా పెట్టండి. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. అగరొత్తుల పొగ కూడా మంచిది కాదు.

మొదటి మూడు నాలుగు రోజులు ముట్టుకోవద్దు. పక్కన కూర్చుని మామూలుగా మాట్లాడుకోండి. మీరు దగ్గరికొచ్చినా గింజలు తినడం ఆపట్లేదంటే భయం తగ్గినట్టే. అప్పుడు చెయ్యి లోపల పెట్టి, కదపకుండా ఉంచండి. ఆ చేతిలో కొర్ర కంకి ఉంటే పని సులువు. విదేశాల్లో బడ్జీలను మచ్చిక చేయడానికి డబ్బు పెట్టి కొనే ‘మిల్లెట్ స్ప్రే’ మన కొర్ర కంకే. రాయలసీమలోనో పాలమూరులోనో చుట్టాలుంటే నాలుగు కంకులు తెప్పించుకోండి, కడిగి ఆరబెట్టి ఇవ్వండి. కంకి కోసం వేలి మీదికి ఎక్కడం అలవాటయ్యాక, వేలిని కాళ్లకు కాస్త పైన, పొట్టకు ఆనించి ‘ఎక్కు’ అనండి. కొన్నాళ్లకు మాట చాలు. ఇందుకు రెండు వారాలు పట్టొచ్చు, రెండు నెలలూ పట్టొచ్చు. పట్టుకుని బలవంతం చేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

బయటికి వదిలే ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపండి, కిటికీలు మూయండి, అద్దాలకు కర్టెన్ వేయండి. గింజలతో పాటు కొత్తిమీర, పాలకూర, క్యారెట్ పెట్టండి. అవకాడో, చాక్లెట్, ఉప్పు వేసిన చిరుతిళ్లు, కాఫీ, టీ దగ్గరికి రానీయవద్దు.

పక్షుల వైద్యం తెలిసిన డాక్టర్లు మన ఊళ్లలో తక్కువ. పక్షిని తెచ్చేలోపే ఒకరి నంబరు సంపాదించి పెట్టుకోండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో, తిరుపతిలో పశువైద్య కళాశాలలు ఉన్నాయి. చిలుకలు జబ్బును చివరిదాకా దాస్తాయి. ఈకలు ఉబ్బించుకుని, కళ్లు సగం మూసి, పంజరం అడుగున కూర్చుంటే రేపటిదాకా ఆగకండి, ఆ రోజే తీసుకెళ్లండి.