విమానం దొరికింది, డబ్బేది?

శంషాబాద్ విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ల కళ్లు మహా చురుకు. గల్ఫ్ నుంచి దిగినవాడు సాక్సుల్లో బంగారం ముద్ద దాచినా లాగేస్తారు. మర్నాడు పేపర్లో ఫొటో. అదే విమానాశ్రయం నుంచి 2025 జనవరి 22న ఫాల్కన్ ఇన్‌వాయిస్ డిస్కౌంటింగ్ అధిపతి అమర్‌దీప్ కుమార్ సొంత జెట్టెక్కి దర్జాగా దేశం దాటేశాడని ఈడీ చెబుతోంది. మూడు వారాల తర్వాత, ఫిబ్రవరి 15న, సైబరాబాద్ పోలీసుల ఆర్థిక నేరాల విభాగం ఈ కేసులో ఇద్దరిని అరెస్టు చేసి ప్రకటన ఇచ్చింది. మార్చి 7న ఆ జెట్ తిరిగి శంషాబాద్‌లో వాలితే, దాన్ని పట్టుకున్నది మన పోలీసులు కాదు, ఈడీ!

పోలీసుల లెక్క ప్రకారమే ఫాల్కన్ జనం నుంచి 1,700 కోట్లు వసూలు చేసింది. 6,979 మందికి రావాల్సిన 850 కోట్లకు అప్పటికి దిక్కులేదు. పేరున్న కంపెనీల బిల్లులంటూ చూపించి, 11 నుంచి 22 శాతం వడ్డీ అని యాప్‌లో ఊరించి, 2021 నుంచి సాగించారన్నది ఆరోపణ. చీకట్లో చేసిన దొంగతనం కాదిది. నాలుగేళ్లు ఫోన్లలో మోగిన టముకు. అది నగరంలో అందరికీ వినబడింది, ఒక్క ఖాకీకి తప్ప.

ఎందుకు వినబడదో చెబుతాను. లుకౌట్ నోటీసు ఉంటే తప్ప ఇమిగ్రేషన్ కౌంటర్ ఆపదు. పోలీసులో, ఈడీ లాంటి సంస్థో అడిగితే తప్ప ఆ నోటీసు రాదు. కేసు ఉంటే తప్ప పోలీసులు అడగరు. జనం మునిగితే తప్ప కేసు పుట్టదు. ముంచినవాడికి ఈ వరస కంఠతా వచ్చు. మునిగినవాడు స్టేషన్‌కు వెళితే వినిపించేది వేరే పాఠం. మా బంధువొకాయన ఇలాగే పోగొట్టుకుని (ఫాల్కన్‌లో కాదు, వేరే చోట) వెళితే, ఎస్సై తలెత్తకుండానే, ‘ఇది సివిల్ మేటర్ పెద్దాయనా, కోర్టుకెళ్లండి’ అన్నాడు. ఆయన మూడుసార్లు తిరిగాడు. నాలుగోసారికి అవతలివాడి ఆఫీసుకు తాళం.

ఇదేమైనా కొత్తా? 2001లో కృషి బ్యాంకు మునిగినప్పుడూ చైర్మన్ విదేశాలకే పారిపోయాడు. అప్పటికి శంషాబాద్ విమానాశ్రయమే లేదు! అగ్రిగోల్డ్‌లో డబ్బు పెట్టిన దాదాపు 32 లక్షల మంది ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగారు. డిపాజిటర్ల రక్షణకు 1999లోనే ఉమ్మడి రాష్ట్రంలో చట్టం వచ్చింది. పాతికేళ్లుగా అది ఎవరిని రక్షించిందో మరి.

సిబ్బంది తక్కువంటారు. నిజమే. ఓ ఇన్‌స్పెక్టర్ వేల బ్యాంకు ఖాతాలు తిరగేస్తూ మధ్యలో బందోబస్తుకూ పరిగెత్తాలి. అలాంటప్పుడు ఆడిటర్లను అడిగి తీసుకోండి! అది మానేసి ‘అత్యాశకు పోవద్దు’ అని మాకు సుద్దులు చెబుతారేం? రిటైరైన డబ్బుకు నాలుగు రూపాయలు వడ్డీ రావాలనుకోవడం అత్యాశా?

ఏటా డిసెంబరులో కమిషనర్లు వార్షిక నివేదిక చదువుతారు. ఇన్ని కేసులు, ఇన్ని అరెస్టులు అంటూ తెర మీద రంగు రంగుల పట్టీలు. ఆర్థిక నేరానికి అరెస్టు కొలమానం ఎలా అవుతుందయ్యా? బెయిలొస్తే వాడు ఇంటికి పోతాడు. నా డబ్బు ఇంటికొచ్చిందా, అది చెప్పండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 107వ సెక్షన్ ప్రకారం, నేరపు సొమ్మును జప్తు చేయమని దర్యాప్తు అధికారే కోర్టును అడగవచ్చు. పంచమని కోర్టు ఆదేశిస్తే జిల్లా మేజిస్ట్రేట్ 60 రోజుల్లో బాధితులకు పంచాలి. ఫాల్కన్ విమానం ఎగిరేనాటికే ఈ సెక్షన్ చేతిలో ఉంది.

కమిషనర్ గారూ, ఈసారి డిసెంబరు సమావేశంలో ఒక్క పట్టీ ముందు వేయండి: పోయింది ఎంత, జప్తు ఎంత, తిరిగిచ్చింది ఎంత. ఆ 6,979 మందిలో ఎవరికెంత ముట్టిందో తేల్చండి. డాగ్ స్క్వాడ్ ఫొటోలు సమోసాల తర్వాత చూస్తాం.