పూర్వరంగం ఎంత?

మా వీధి చివరింటి సుబేదారు గారు మొన్న మూడు లాంగ్ నోటు పుస్తకాలు తెచ్చి నా ముందు పెట్టారు. రిటైరై చాలా ఏళ్లయినా మా పేటలో ఆయన్ని అందరూ సుబేదారు గారనే అంటారు. నాకు మాత్రం బాబాయి గారు. మద్రాసు రెజిమెంటులోని తన బెటాలియన్ 1971 యుద్ధంలో ఏం చేసిందో తెలుగులో రాశారు. "చదివి, ఎక్కడ కొయ్యాలో చెప్పవయ్యా" అన్నారు.

చదివాను. మొదట 1947 దేశ విభజన వచ్చింది. తర్వాత 1952 ఢాకా భాషోద్యమం వచ్చింది. 1970 నవంబరు తుఫాను, ఆ డిసెంబరు ఎన్నికలు కూడా వచ్చాయి. బెటాలియన్ మాత్రం రెండో పుస్తకం సగమయ్యేదాకా బారక్స్ గడప దాటలేదు!

ఆయన సావాసగాడు, పామర్రు వైపు పల్లెటూరి కుర్రాడు, ఆ యుద్ధంలోనే పోయాడు. అతని చెల్లెలు ఇప్పటికీ ఫోన్ చేసి, "అన్నగారూ, మా అన్నయ్య సంగతి రాశారా?" అని అడుగుతూ ఉంటుందట. రాశారు. మూడో పుస్తకంలో నాలుగు వాక్యాలు.

"అంత పూర్వరంగం ఎందుకు బాబాయి గారూ?" అంటే, "అది లేకపోతే మేం అక్కడికెందుకు పోయామో ఎలా అర్థమవుద్ది?" అన్నారు. నిజమే కదా! మరి ఎంత చెప్పాలి? ఈ లెక్క తేల్చుకోడానికి ఢాకా దాకా పోనక్కర్లేదు. మన బందరు కోట చాలు.

1758 అక్టోబరులో కలకత్తా నుంచి ఓడల మీద వచ్చి విశాఖలో దిగిన కర్నల్ ఫోర్డ్ సేనలో బెంగాల్ యూరోపియన్ రెజిమెంటు వాళ్లున్నారు. ఆ పటాలమే తర్వాత రాయల్ మన్‌స్టర్ ఫ్యుజిలియర్స్‌గా మారి, 1922లో రద్దయింది. దాని చరిత్రను ఇన్నెస్ అనే సైనికాధికారి 1885లో పుస్తకంగా తెచ్చాడు. సరే, బెంగాల్ పటాలానికి తెలుగు దేశంలో పనేమిటి?

ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ అప్పట్లో యుద్ధం నడుస్తోంది, అది ఒక కారణం. రెండోది మన బొబ్బిలి. 1757 జనవరి 24న కోట కూలింది. ఆ వెంటనే తాండ్ర పాపారాయుడు విజయరామరాజును ఆయన డేరాలోనే పొడిచి చంపాడు. కథ విన్న మనకు అక్కడితో సరి. పటాలం కథ మాత్రం అక్కడే మొదలవుతుంది. విజయరామరాజు తర్వాత గద్దెకొచ్చిన ఆనందరాజుకు ఫ్రెంచివాళ్లంటే పడలేదు. విశాఖలో వాళ్ల ఠాణా పట్టుకుని కలకత్తాకు కబురంపాడు. క్లైవు ఫోర్డును పంపాడు.

చూడండి, నాలుగు ముక్కల్లో అయిపోయింది. ఇది చెప్పకపోతే పటాలం ఆకాశం నుంచి ఊడిపడినట్టుంటుంది. ముప్పై పేజీలు చెబితే అది బొబ్బిలి కథ అవుతుంది. పటాలం కథ కాదు.

మరి ఎక్కడ ఆగి చెప్పాలి? ఆ డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో జరిగిన యుద్ధం చూడండి. ఇంగ్లీషు పుస్తకాల్లో దీని పేరు కాండోర్. దక్షిణాదిన సిపాయిలంటే తెల్లబట్టలని ఫ్రెంచివాళ్లకు అలవాటు. ఫోర్డు తెచ్చిన బెంగాల్ సిపాయిలవి ఎర్రకోట్లు. ఎర్రగా కనబడ్డవాళ్లే అసలు తెల్లదొరల దళం అనుకుని ఫ్రెంచివాళ్లు వాళ్ల మీదికి ఉరికారు. అసలు దళం పక్కనే నిలువెత్తు పెరిగిన చేను చాటున ఉంది. అది బయటికొచ్చి పక్క నుంచి కాల్చేసరికి ఫ్రెంచివాళ్ల ఆట కట్టింది. ఇక్కడ ఎవరి కోటు ఏ రంగో, చేను ఎంత ఎత్తుందో చెప్పకుండా యుద్ధం చెప్పగలరా? యూరప్ యుద్ధానికి ఒక్క వాక్యం చాలు. కోటు రంగుకి ఒక పేజీ ఇచ్చినా తప్పులేదు.

బందరు ముట్టడీ అంతే. 1759 మార్చిలో ఫోర్డు కోట ముందుకొచ్చేసరికి డబ్బుల్లేవు. జీతం బకాయిల కోసం, కొల్లసొమ్ములో వాటా కోసం తెల్లసిపాయిలే తుపాకులు పట్టుకుని ఎదురుతిరిగారు. వెనకనుంచి సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో మన బెజవాడ దాకా వచ్చేశాడు. చేతిలో మందుగుండు రెండు రోజులకే ఉంది. అందుకే ఏప్రిల్ 7 రాత్రి అటో ఇటో అని బురదలో దిగి కోట మీద పడ్డారు. తెల్లారేసరికి కోట వాళ్లదయింది. పట్టుకున్నవాళ్ల కన్నా పట్టుబడ్డవాళ్లే ఎక్కువ. ఈ పూర్వరంగం తీసేస్తే అది ఉత్త సాహసం. ఉంచితే, గత్యంతరం లేని మనుషుల కథ. జీతాల గొడవ పటాలం పరువుకు తక్కువని దాచేవాళ్లుంటారు. దాస్తే ఆ రాత్రి అర్థం కాదు.

ఆనాటి చరిత్రకారుడు ఓర్మ్ లెక్కలో ఆ రాత్రి పోయిన తెల్లవాళ్లు 22 మంది. సిపాయిలు 50 మంది. కాలెండర్ అనే కెప్టెన్ దాడి మొదలయ్యే వేళకు కనబడకుండాపోయి, చివర్లో వచ్చి చనిపోయాడు. ఆ కాసేపు ఆయన ఎక్కడున్నాడన్న ప్రశ్న కూడా పుస్తకాలకెక్కింది. ఆ యాభై మంది సిపాయిల్లో ఒక్కరి పేరూ నాకు కనబడలేదు. ఏ ఊరివాళ్లో, ఎవరి బిడ్డలో! పూర్వరంగం అంటే రాజుల తగాదాలేనా? మనిషి ఊరూ పేరూ అందులోకి రావా?

ఇదంతా బాబాయి గారికి చెప్పి, "పూర్వరంగం సిపాయి ఒంటికి తగలాలండీ. కాలికో, కడుపుకో, భుజాన తుపాకికో తగిలితే ఉంచండి. తగలకపోతే ఒక్క వాక్యంలో దాటెయ్యండి" అన్నాను. ఆయన మాట్లాడలేదు.

"ఆ పామర్రు కుర్రాడు ఎలా పోయాడు బాబాయి గారూ?"

"రాశాగా. వాగు దాటుతుంటే ముందు నడిచాడు. గుండు తగిలింది."

"ముందు ఆయనే ఎందుకు నడిచాడు?"

బాబాయి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "వాడిది కాలవ గట్టు ఊరయ్యా. చిన్నప్పట్నుంచీ నీళ్లలోనే. నీళ్ల రంగు చూసి లోతెంతో చెప్పేవాడు. అందుకే ఎక్కడ నీళ్లొచ్చినా వాణ్ణే ముందు నడవమనేవాళ్లు."

"మరి ఇది రాయలేదేం?"

"ఇదేం పూర్వరంగమయ్యా? మా వాళ్లందరికీ తెలిసిందేగా!"

అందరికీ తెలిసినదే ఎవరూ రాయరు. తెలిసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయాక ఇక తెలుసుకునే దారి ఉండదు. విభజన గురించి పుస్తకాలు బోలెడు దొరుకుతాయి. ఆ కుర్రాడికి నీళ్ల లోతు తెలుసన్న సంగతి ఈ ఒక్క మనిషి దగ్గరే ఉంది.

నిన్న సాయంత్రం బాబాయి గారు మళ్లీ వచ్చారు. మొదటి నోటు పుస్తకం రెండు పేజీలకు కుదించారట. బెటాలియన్‌లో పోయినవాళ్ల పేరు, తండ్రి పేరు, ఊరు చివర వరసగా వేస్తారట. ఆ వాగు దగ్గరి అధ్యాయం మొత్తం తిరగరాస్తున్నారు. పామర్రు చెల్లెలికి ఈసారి ఆయనే ఫోన్ చేశారు, వాళ్ల ఊరి కాలవ పేరేమిటో అడగడానికి.