నీళ్లలో తీసిన ఫోటో మసకగా వస్తే



గత సంవత్సరం మా అమ్మగారు 71వ ఏట కృష్ణా నదిలో బాప్తిస్మం పొందారు. నీళ్లలో ముంచినా పాడవని చిన్న డిజిటల్ కెమెరా పట్టుకొని, నడుము లోతు నీళ్లలో నిలబడి మేమే ఫోటోలు తీశాం. ఇంటికి వచ్చి చూస్తే అన్నీ మసకే. ముఖం ఉండవలసిన చోట తెల్లని పొగ! నాలుగు నెలలకు అమ్మగారు ప్రభువునందు నిద్రించారు. ఆ దినపు గుర్తు మా ఇంట ఒక్కటీ మిగల్లేదు.

తప్పు కెమెరాదే అనుకున్నాం. ఈ వేసవిలో మా చిన్నవాడి బాప్తిస్మం దగ్గరపడింది. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర హాస్టల్లో ఉండి కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటున్న మా అమ్మాయిని చూడబోతూ కెమెరా వెంట తీసుకెళ్లాం. మెట్రోలో తరువాతి స్టేషనే పంజాగుట్ట. అక్కడ ఒక దుకాణంలో పెద్దాయన దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "కెమెరాకేం కాలేదండీ, అద్దం నిండా కొబ్బరినూనె వేలిముద్రలు" అని నవ్వారు. మిగతా సంగతులూ ఓపికగా చెప్పారు. ఆ సాయంత్రమే హాస్టల్ బకెట్టు అడుగున రూపాయి బిళ్ల వేసి, అమ్మాయీ మేమూ సాధన చేశాం.

నూతిలో పడిన చెంబు దగ్గరే ఉన్నట్టుంటుంది, చేయి చాస్తే అందదు. నీళ్లలో వస్తువు ముప్పాతిక దూరంలోనే ఉన్నట్టు కనిపిస్తుంది. కెమెరా కూడా ఆ కనిపించే దూరాన్నే పట్టుకుంటుంది గనుక దానివల్ల చిక్కు లేదు. చిక్కంతా నీటిలోని మట్టితోనే. ఫోకస్ కుదరాలంటే వెలుగునీడల అంచులు స్పష్టంగా కనబడాలి. మురికి నీళ్లలో అవి కరిగిపోతాయి.

అందుచేత మొదటిది, దగ్గరకు వెళ్లండి. జూమ్ వాడవద్దు. చేయి చాచినంత దూరం మేలు. జానెడు కంటే దగ్గరైతే పువ్వు గుర్తు పెట్టుకోవాలి.

రెండవది, బటన్ సగం నొక్కి ఆగండి. ఫోకస్ కుదిరిందని గుర్తు వచ్చాక, చేయి కదపకుండా పూర్తిగా నొక్కండి. చొక్కా కాలరు, కనుబొమలు వంటి అంచులకు గురిపెట్టండి.

మూడవది, ఫ్లాష్ ఆపండి. అది మట్టి రేణువులను తెల్లని చుక్కలుగా చూపిస్తుంది. ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు నీటిలోకి వెలుతురు బాగా దిగుతుంది.

నాలుగవది, అద్దాన్ని మెత్తని శుభ్రమైన గుడ్డతో తుడవండి. నీళ్లలో ముంచాక అద్దానికి అంటిన గాలిబుడగలను వేలితో రుద్దకుండా, కెమెరాను ఆడించి వదిలించండి. మూత రబ్బరుపై ఇసుక గానీ వెంట్రుక గానీ ఉంటే నీరు లోపలికి పోతుంది. ఎంత లోతు వరకు తట్టుకుంటుందో కెమెరాతో వచ్చిన పుస్తకంలో చూడండి.

నీరు మరీ బురదగా ఉంటే కెమెరాను ముంచవద్దు, పైనుంచే తీయండి. ఫోటో తీసేవారు లోతు తెలియని చోట దిగవద్దు. పక్కన ఒకరు తోడుండాలి.

ఆ రోజు అయ్యగారు ప్రార్థిస్తుండగానే బటన్ సగం నొక్కి పట్టుకున్నాం. మావాడు నీళ్లలోనుంచి లేచాడు. కనురెప్పల మీది నీటిబొట్లు సైతం ఫోటోలో స్పష్టంగా ఉన్నాయి. దాన్ని అమ్మగారి పాత ఫోటో పక్కనే గోడకు పెట్టాం.

మీ ఇంట అటువంటి దినం రాబోతుంటే, వారం ముందే ఒక బకెట్టు నీళ్లు, ఒక రూపాయి బిళ్ల తీసుకొని కూర్చోండి. ఆ ఘడియ మళ్లీ రాదు.