కొండగోగును మాఘంలో నరకొద్దు



వచ్చే వానాకాలం వంటశాల వెనక ఏ మొక్కలు నాటాలో రాయమని పోయిన వారం అందరికీ చీటీలు ఇచ్చారు. ఎక్కువమంది కోనోకార్పస్ అని రాశారు. తొందరగా పెరుగుతది, ఎప్పుడూ పచ్చగా ఉంటది అని. నేను కొండగోగు అని రాశాను. చీటీ చదివినప్పుడు అందరూ నవ్వారు. గోంగూరనా అని ఒకరు అడిగారు కూడా. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

కొండగోగు గోంగూర కాదు, అడవి చెట్టు. ఆకు గోగు ఆకులాగ చీలి ఉంటది, రాళ్ళ గుట్టల మీద పెరుగుతది, పేరు అందుకే వచ్చి ఉంటది. చలికాలంలో ఆకులన్నీ రాల్చేస్తది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒక్క ఆకు కూడా లేని కొమ్మల చివర్లో అరచెయ్యంత పసుపు పూలు పూస్తది. మోదుగు పూసే కాలమే. బంతి, చామంతి అన్నీ అయిపోయాక తెలుగు సంవత్సరం ఆఖరుకు దీని వంతు. ఈ పువ్వులో తేనె ఉండదు. తుమ్మెద వచ్చి పట్టుకొని గట్టిగా ఝుమ్మంటేనే పుప్పొడి రాలుతుందని సైన్స్ సార్ చెప్పారు.

మా ఇల్లు భానూర్‌లో. బీడీఎల్ కర్మాగారం ఉన్న ఊరు అంటే అందరికీ తెలుస్తది. మా నాయిన కంపెనీ పనికి అక్కడికి వచ్చాడు, ఉండేది కిరాయి ఇల్లు. నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు తాత ఏటూరునాగారం అడవి నుంచి గుప్పెడు విత్తనాలు దూదితో సహా మూట కట్టుకొచ్చాడు. వాటిని బండ మీద రాకి, వేడినీళ్ళల్ల రాత్రంతా నానేశాడు. పై పొట్టు గట్టిది, అట్ల చేయకుంటే మొలక తొందరగా రాదు. పన్నెండు పెడితే మూడు మొలిచినయ్. ఒకటి మేక తిన్నది. ఒకదానికి నేనే ప్రేమ కొద్దీ రోజూ చెంబులతో నీళ్ళు పోసి కుళ్ళబెట్టాను. రాళ్ళ మీద బతికే చెట్టుకు అన్ని నీళ్ళు పడవని అప్పుడు తెలియదు. మిగిలింది ఒకటే.

ఆ ఒక్కటీ ఇన్నేండ్లు పూయలేదు. ప్రతి చలికాలం ఎండు కట్టెలాగ నిలబడేది. మొన్న సంక్రాంతి సెలవులకు పోయినప్పుడు ఇంటి ఓనర్ తాత గొడ్డలి తెచ్చిండు. చచ్చిన చెట్టు వాకిట్ల ఉంటే అరిష్టం, తీసేస్తే మోటర్ సైకిల్‌కు జాగ అయితది అన్నడు. అమ్మ ఏం మాట్లాడలేదు. కిరాయికి ఉన్నోళ్ళు ఏం మాట్లాడుతరు? నేను గోరుతో బెరడు గీకి చూపించిన. లోపల పచ్చగ, తడిగ ఉంది. "హోళీ దాక ఆగు తాతా, అప్పటికి పూయకుంటే నేనే నరుకుత" అన్నాను. ఆయన నవ్వి పోయిండు. గొడ్డలి మాత్రం గోడకు ఆనించే ఉంచిండు.

నా అభిప్రాయం ఏమిటంటే, ఎప్పుడూ పచ్చగా ఉండేదే మంచి చెట్టు అనుకోవడం తప్పు. కోనోకార్పస్ మన నేల చెట్టు కాదు. పంచాయతీ నర్సరీల్లో దాన్ని పెంచొద్దని 2022లో మన రాష్ట్రంలోనే ఆదేశాలు వచ్చాయి. మనం ఇంకా అదే అడుగుతున్నాం! మా ఊరికి దగ్గరలో పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. జొన్న, సజ్జ, కంది, శనగ లాంటి మెట్ట పంటల మీద అక్కడ పరిశోధన చేస్తారు. తక్కువ నీళ్ళతో బతికే పంటకు అంత విలువ ఇచ్చినప్పుడు, తక్కువ నీళ్ళతో బతికే చెట్టును చూసి నవ్వడం ఎందుకు? ఎండాకాలం మన హాస్టల్ నల్లా ఎట్ల వస్తదో అందరికీ ఎరుకే.

మా వాళ్ళ తప్పు కూడా చెప్పాలి. ఈ చెట్టుకు జిగురు వస్తది. గిరిజన సహకార సంస్థ ఆ జిగురు కొనేది. దాన్ని తిండి పదార్థాల్లో వాడొచ్చా అని ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ళు పరిశోధించి 1998లో వ్యాసం అచ్చు వేశారు. కానీ ఎక్కువ జిగురు కావాలని గొడ్డలితో లోతుగా గాట్లు పెడితే చెట్టు చచ్చిపోతది. తన చిన్నప్పుడు గుట్ట నిండ ఉండేవని, ఇప్పుడు వెతుక్కోవాలని తాత అంటడు. అడవిలో తగ్గినప్పుడు కనీసం ఇంటి ముందర, బడి ముందర ఉండాలి కదా.

"అది పూసేసరికి మనం పదో తరగతి అయిపోయి పోతం" అని నా పక్క మంచం అమ్మాయి అంటుంది. నిజమే. కానీ మా చెల్లె ఇక్కడే అయిదో తరగతి. దానికి ఇంకా అయిదేండ్లు ఉంది.

ఆదివారం ఫోన్‌లో అమ్మ చెప్పింది. ఏడు పూలు పూసినయంట. ఓనర్ తాత ఒకటి కోసి వాళ్ళ ఇంట్ల దేవుడికి పెట్టిండంట. గొడ్డలి ఏమైందని అడగడం మర్చిపోయాను. పూలు నేను ఇంకా చూడలేదు, సెలవులకు పోయేసరికి రాలిపోతయ్. కాయలు మాత్రం దొరుకుతయ్. జూన్‌లో వచ్చేటప్పుడు విత్తనాలు తెస్తాను. వార్డెన్ మేడమ్ గారు వంటశాల వెనక నీళ్ళు నిలవని చోట, గోడ పక్కన రాళ్ళు ఉన్న దగ్గర, నాలుగు గుంతలకు జాగ ఇస్తే చాలు. అక్కడ ఎట్లాగూ ఎవరూ బట్టలు ఆరేయరు.