నమ్మినా ప్రాణం తీయని జోకు: టెక్నికల్ డైవర్ల ప్రణాళిక

ఆక్సిజన్ పీల్చినవాళ్లెవరూ శాశ్వతంగా బతకలేదు కాబట్టి అది నిదానంగా పనిచేసే విషం. గుహల్లో ఈదేవాళ్లకు ఎండ పడదు, టార్చిలైటే ఆరోగ్యం. ఇలాంటి దొంగ శాస్త్రం మా టెక్నికల్ డైవర్ల మధ్య ఎప్పుడూ చలామణీలో ఉంటుంది. గంటల తరబడి కొలతలకు కట్టుబడి ఊపిరి పీల్చినవాళ్లు ఒడ్డుకు రాగానే హాయిగా నవ్వుకోవాలి. ఆ నవ్వును కాపాడుకోవడానికే ఈ ఉద్యమం మొదలుపెడుతున్నాం.

కాపాడుకోవాల్సిన అవసరం ఏమొచ్చింది? మా పనిలో నిజమే అబద్ధంలా వినిపిస్తుంది. అధిక పీడనంలో ఆక్సిజన్ మూర్ఛ తెప్పిస్తుందని ఫ్రాన్స్‌లో పాల్ బెర్ 1878లోనే రాశాడు. నేలమీద రోగికి ఊపిరిపోసే స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను 6 మీటర్ల లోతులో పీలిస్తే దాని పీడనం 1.6 బార్. పైకి వస్తూ మధ్యలో ఆగే డెకో (డికంప్రెషన్) స్టాప్‌లో మేము ఒప్పుకునే హద్దు అదే. 30 మీటర్ల దగ్గర అది 4 బార్ అవుతుంది. అక్కడ ఏ హెచ్చరికా లేకుండానే మూర్ఛ రావచ్చు, నోట్లోని రెగ్యులేటర్ జారిపోవచ్చు, మనిషి మునిగిపోవచ్చు.

వెలుతురు సంగతీ అంతే. ఉత్తర ఫ్లోరిడా నీటి గుహల్లో పగటి వెలుగు కనిపించినంత మేరకే మొదటి మెట్టు శిక్షణ. అది దాటితే మనిషికి మూడు లైట్లు, బయటిదాకా తెగని తాడు, తిరుగు ప్రయాణానికి మూడింట రెండు వంతుల గ్యాస్ ఉండాలి. షెక్ ఎక్స్‌లీ 1979లో అచ్చువేసిన చిన్న పుస్తకం తాడు, గ్యాస్ నియమాలను గుహ ప్రమాదాల నుంచే రాబట్టింది.

నిజం ఇంత వింతగా ఉన్నచోట కొత్తవాడికి జోకేదో సూత్రమేదో తెలియదు. "నాకు ఆక్సిజన్ అలవాటైపోయింది, ఏమీ కాదు" అని ఒకరు సరదాకి అంటారు. పక్కవాడు నిజమనుకుంటాడు. కెన్నెత్ డొనాల్డ్ రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ నౌకాదళ డైవర్ల మీద జరిపిన ప్రయోగాల్లో, ఒకే మనిషి తట్టుకునే శక్తి కూడా రోజురోజుకూ మారిపోతుందని తేలింది. "ఎండలో పడుకుంటే నైట్రోజన్ ఆవిరైపోతుంది" అన్న మాటా అలాంటిదే. శరీరంలో మిగిలిన నైట్రోజన్ బుడగలై డికంప్రెషన్ జబ్బు తెస్తే, అది నమ్మి కూర్చున్నవాడికి వైద్యం ఆలస్యమవుతుంది.

అందుకే ఈ నియమాలు పెట్టుకుంటున్నాం:

1. జోకుకు ఒక్కటే పరీక్ష. నిన్నగాక మొన్న చేరిన శిష్యుడు దాన్ని అక్షరాలా నమ్మినా అతని ప్రాణానికి ముప్పు రాకూడదు.

2. లోతు, గ్యాస్ శాతం, పాక్షిక పీడనం, డెకో సమయం: ఈ నాలుగింటి అంకెలతో పరాచికాలు ఆడం. ఆక్సిజన్ పాక్షిక పీడనం ఈతలో 1.4 బార్, డెకోలో 1.6 బార్. అంతకు మించిన అంకెను సరదాకైనా పలకం.

3. సిలిండర్ మీద వేళాకోళపు రాతలు రాయం. ఎవరి గ్యాస్ వాళ్లే అనలైజ్ చేసుకుని శాతమూ, గరిష్ఠ లోతూ రాయాలి.

4. కీళ్లనొప్పి, తిమ్మిరి, తల తిరగడం అని ఎవరైనా అన్న క్షణాన జోకులు ఆగిపోవాలి. వెంటనే ఆక్సిజన్ పెట్టి, రీకంప్రెషన్ ఛాంబర్ ఉన్నచోటికి చేర్చే పని చూడాలి.

5. దొంగ శాస్త్రం చెప్పినవాళ్లే, అడిగినవాడికి అసలు శాస్త్రమూ చెప్పాలి. చెప్పలేనివాళ్లు ముందు నేర్చుకోవాలి.

6. ఎవరైనా, ఎప్పుడైనా, కారణం చెప్పకుండా డైవ్ ఆపేయవచ్చు. ఆపినవాళ్లనూ, ప్రశ్న అడిగినవాళ్లనూ చూసి నవ్వం.

ఈ దారిలో మాకు పెద్ద దిక్కు జె.బి.ఎస్. హాల్డేన్. పీడన గదిలో ఆక్సిజన్ ప్రయోగం తన మీదే చేసుకుని, మూర్ఛలో వెన్నుపూస దెబ్బతీసుకున్న శాస్త్రవేత్త ఆయన. 1957లో భారతదేశానికి వచ్చేసి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆఖరి రోజుల్లో తన క్యాన్సర్ మీద హాస్య కవిత రాసి, అందులోనే వైద్యుడి దగ్గరికి త్వరగా వెళ్లమని పాఠకులకు చెప్పాడు. నవ్వించడం, బతికించడం ఒకే మాటలో కుదురుతాయని ఆయన చూపించాడు.

డైవ్ నేర్పేవాళ్లనూ, నేర్చుకునేవాళ్లనూ, పడవ నడిపేవాళ్లనూ, గ్యాస్ నింపేవాళ్లనూ ఈ ఉద్యమంలోకి పిలుస్తున్నాం. సభ్యత్వ రుసుము లేదు. మీకు బాగా నచ్చిన జోకు ఒకటి తీసుకురండి, మొదటి నియమంతో పరీక్షిద్దాం. నిలబడితే అందరికీ నేర్పుదాం. నిలబడకపోతే, అది ఎంత నవ్వించినా, ఆ రోజు నుంచి వదిలేద్దాం.