అనాథలకు అన్నమే చాలునా?

దూరదేశపు యుద్ధవార్తలు వినినప్పుడెల్ల అనాథశిశువులకై మన పాఠశాలలో చందా పోగుచేయుట వాడుక. మంచిదే. కాని ఆ శిశువు తల్లిని గూర్చి అడుగువారు అరుదు.

1946 మొదలు 1951 వరకు జరిగిన తెలంగాణ సాయుధపోరాటములో మన తుంగతుర్తి ప్రాంతమే రణరంగము. రజాకార్ల దాడులలోను, 1948 సెప్టెంబరు పిమ్మటి సైనికుల గాలింపులలోను ఎన్ని యిండ్లు మగదిక్కు లేనివాయెనో! కరివిరాల కొత్తగూడెమున 1931లో జన్మించిన మల్లు స్వరాజ్యముగారు తుపాకి పట్టిరి. నైజాము ప్రభుత్వము ఆమెను పట్టియిచ్చినవారికి పదివేల రూపాయలు ప్రకటించెను. 1978, 1983లలో ఆమె తుంగతుర్తినుండియే శాసనసభకు ఎన్నికైరి. అందరికిని అట్టి గౌరవము దక్కలేదు. దళములలో తిరుగుచు పసికందును పరులచేతిలో పెట్టిన తల్లి గాథను, 1986లో వెలువడిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో చదివి నేను పుస్తకము మూసివేసితిని. పోరాటము ముగియగానే అట్టి స్త్రీలను ఇండ్లకు మరలుడనిరి. ఏ యిల్లు? ఎవరి పేర నున్న యిల్లు?

తండ్రి పోయినంతనే బిడ్డ అనాథ కానక్కరలేదు. తల్లి పేర గుంట భూమియైన లేనప్పుడు అనాథ యగును. సంఖ్యాకాండము 27వ అధ్యాయములో, అరణ్యమున తండ్రిని కోల్పోయిన సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే యెదుట నిలిచి అడిగినది జాలి కాదు, స్వాస్థ్యము.

1925 నాటి వారసత్వ చట్టము ప్రకారము, వీలునామా లేనిచో, బిడ్డలు గల క్రైస్తవ విధవకు మూడవవంతు. మిగిలినది కొడుకులకును కూతుండ్రకును సమానము. అయినను పెండ్లి కాగానే కూతురిచేత హక్కు వదలుకొన్నట్లు వ్రాయించుకొను పెద్దలు మన సంఘములోను కలరు. ఆదివారము కానుకపెట్టెలో అనాథలకై వేయునవియు ఆ చేతులే.

తల్లిదండ్రులారా, ఈ యేడు చందా పట్టీ మీ యింటికి వచ్చిననాడు, మీ పట్టా పుస్తకమును కూడ ఒకసారి తెరచి చూడుడు.