పేరు ఆమెది, పెత్తనం మనదా?

"ఏమ్మా, ఆఫ్రికాలో ఆవకాయ అమ్ముతున్నావట!" అని రాజమండ్రి వెళ్ళినప్పుడల్లా మా పెద్దమ్మ నన్ను ఆటపట్టిస్తుంది. అమ్ముతున్నమాట నిజమే. టాంజానియా దేశంలో దారెస్సలాం అనే ఊళ్ళో మావారూ నేనూ తొమ్మిదేళ్ళుగా చిన్న పచ్చళ్ళ కొట్టు నడుపుతున్నాం. వెనక గదిలో తయారీ, ముందు గదిలో అమ్మకం. అదే మా సామ్రాజ్యం!

భూమధ్యరేఖకి దక్షిణాన ఉన్నాం గదా, మామిడికాయలు ఇక్కడ నవంబరు నుంచి మొదలవుతాయి. మీరు సంక్రాంతికి అరిసెలు వండుకునే రోజుల్లో నేను ఆవకాయ ముక్కలు తుడుచుకుంటూ కూర్చుంటాను. నువ్వులు ఇక్కడ బాగా పండుతాయి కాబట్టి నూనెకి లోటు లేదు. తోటకూరని 'మ్చిచా' అంటారు, కొబ్బరిపాలు పోసి వండుతారు. కొట్టుని 'దుకా' అంటారు. మన దుకాణమే!

వచ్చిన కొత్తల్లో గడియారం దగ్గర బోల్తా పడ్డాను. స్వాహిలీ వాళ్ళు పొద్దున ఆరింటి నుంచి గంటలు లెక్కపెడతారు. మనకి ఏడైతే వాళ్ళకి ఒకటి, తొమ్మిదైతే మూడు. కాయలమ్మే ఆవిడ "మూడింటికి తెస్తా" అంటే నేను మధ్యాహ్నం తీరిగ్గా వెళ్ళాను. పాపం, ఆవిడ పొద్దున తొమ్మిదికే వచ్చి, చూసి చూసి, బుట్టలు షట్టరు ముందు పెట్టి వెళ్ళిపోయింది. ఎండకి సగం కాయలు మెత్తబడ్డాయి. ఏడుపొచ్చింది. తరవాత ఆలోచిస్తే, మన పంచాంగంలో ఘడియలు కూడా సూర్యోదయం నుంచే గదా లెక్క! తప్పు నాదే.

సముద్రం పక్క ఊరు కాబట్టి గాలిలో ఎప్పుడూ తేమే. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, ఏడాది చివర మళ్ళీ చిన్న వానలు. ఉప్పు నీరు కారుతుంది, కారం ఉండ కడుతుంది. మొదటి ఏడాది రెండు జాడీల ఆవకాయ బూజు పట్టి పారబోశాను. ఇప్పుడు ఉప్పుని మూకుట్లో వేడిచేసి, చల్లార్చి గాని కలపను. ముక్కలు నాలుగు గిన్నెలైతే ఆవపిండి ఒకటి, కారం ఒకటి, ఉప్పు ముప్పావు. నూనె ముక్కల పైకి తేలాలి. తడి చెయ్యి తగలకూడదు. వానాకాలంలో మీకూ పనికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇవన్నీ నాతోపాటు నేర్చుకున్నది మా కొట్లో పనిచేసే ఆవిడ. నేను 'మామా' అంటాను. అంటే అమ్మ అని. ఆవిడ నన్ను 'దాదా' అంటుంది. అంటే అక్క. నాకంటే పెద్దదే అయినా అలాగే పిలుస్తుంది. ముగ్గురు పిల్లల్ని ఈ జీతంతోనే చదివిస్తోంది.

ఇంతలో 2025 జులైలో పిడుగు పడింది. విదేశీయులు చెయ్యకూడని పదిహేను రకాల వ్యాపారాల జాబితా ప్రభుత్వం ప్రకటించింది. అందులో చిల్లర వ్యాపారమూ ఉంది, చిన్న పరిశ్రమలూ ఉన్నాయి. చేతిలో ఉన్న లైసెన్సు గడువు తీరేదాకా నడుపుకోవచ్చు, ఆ తరవాత కొత్తది ఇవ్వరు. ఈ మామిడికాయల కాలం అయ్యేసరికి మా గడువు తీరిపోతుంది.

ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

తెలిసినవాళ్ళొకరు ఉపాయం చెప్పారు. "దానికింత దిగులెందుకు? కొట్టు ఆవిడ పేరున రాసెయ్యండి. వెనకాల నడిపేది మీరే." మావారు కూడా ఒక్క క్షణం ఊగారు. నేనూ ఊగాను, అబద్ధమెందుకు! కానీ ఆ ఉత్తర్వులోనే ఉంది, ఇలా సాయం చేసిన స్థానికులకీ జరిమానా, మూడు నెలల దాకా జైలు అని. పట్టుబడితే మనం విమానమెక్కి ఇంటికొచ్చేస్తాం. మామా ఎక్కడికెళ్తుంది? ఆ ముగ్గురు పిల్లల గతేమిటి?

కోపం రాలేదా అంటే వచ్చింది. కరియాకో బజారులో ఇక్కడి వ్యాపారులు, పరాయిదేశం వాళ్ళు చిల్లర కొట్లు పెట్టి మా పొట్ట కొడుతున్నారని ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు. మన ఊళ్ళో అయితే మనమూ అనేవాళ్ళమే. 2017లో మనదేశం కందుల దిగుమతికి పరిమితి పెడితే, మనల్నే నమ్ముకుని కందులు వేసిన ఇక్కడి రైతులకి ధర పడిపోయింది. అప్పుడు నేను చారులో పప్పు వేసుకుంటూ వాళ్ళని తలుచుకోలేదు గదా!

చివరికి మామాని కూర్చోబెట్టి విషయం చెప్పాను. గ్రైండరు, జాడీలు, తూకం ఆవిడకే అమ్మేస్తున్నాం. డబ్బు నెలనెలా కొంచెం కొంచెం ఇస్తుంది. అది బాకీ తీర్చడమే, లాభంలో మాకు పైసా వాటా లేదు. లైసెన్సు ఆవిడది, లెక్కలు ఆవిడవి, పెత్తనమూ ఆవిడదే. అంతా విని, "దాదా, మరి కారం తగ్గించమంటే తగ్గించనా?" అని అడిగింది.

గుండె కలుక్కుమంది. "నీ కొట్టు మామా, నీ ఇష్టం" అన్నాను.

మావారికి ఇక్కడే లెక్కల ఉద్యోగం దొరికితే ఉంటాం. లేకపోతే రాజమండ్రి వచ్చేస్తాం. ఏదయినా, వచ్చే ఏడాది ఆవకాయ నేను కొనుక్కోవాల్సిందే. కారం తక్కువైనా సరే!

మీరైతే ఏం చేసేవారో చెప్పండి.